అమెరికా కళాశాలల సోరారిటీలు: చరిత్ర ఏమిటి, విలువలు ఎంతవరకు నిజం?

ప్రశ్న (ఒంగోలు నుండి ఒక తండ్రి):
మా అమ్మాయి టెక్సాస్‌లో డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతున్నది. అక్కడి ఒక సోరారిటీ (విద్యార్థినుల సంఘం) వారు తనను చేరమని పిలిచారనీ, ప్రతి సెమిస్టరుకూ చందా కట్టవలసి ఉంటుందనీ ఫోనులో చెప్పింది. గ్రీకు అక్షరాల పేర్లు, రహస్య ప్రమాణాలు అనగానే వాళ్ళమ్మకు బెంగ పట్టుకుంది. ఈ సంఘాలు ఎందుకు పుట్టాయో, వాళ్ళు చెప్పే విలువలు ఆచరణలో ఉన్నాయో లేవో తెలిసినవారు దయచేసి వివరించండి.

జవాబు (కావలి, విశ్రాంత చరిత్ర అధ్యాపకురాలు):
అయ్యా, ఆడపిల్లలను చదువుకు రానిచ్చి, సంఘాలలోకి మాత్రం రానివ్వని కాలంలో ఇవి పుట్టాయి. ఇండియానాలోని ఒక కళాశాలలో బెట్టీ లాక్ అనే విద్యార్థినికి మగపిల్లల సంఘం వారు సభ్యత్వం ఇవ్వకుండా, తమ బ్యాడ్జి మాత్రం పెట్టుకు తిరగమన్నారట. ఆమె ఆ బ్యాడ్జిని కాదని, మరి ముగ్గురితో కలిసి 1870లో కప్పా ఆల్ఫా థీటాను స్థాపించింది. నల్లజాతి విద్యార్థినులకు ఈ సంఘాలలోనూ చోటు దొరకలేదు. అందువల్ల వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫా ఏర్పడింది. కమలా హారిస్ ఇందులో సభ్యురాలే. అందులోనుండి విడివడిన 22 మంది 1913 జనవరిలో డెల్టా సిగ్మా థీటాను స్థాపించి, రెండు నెలలైనా తిరగకముందే, మార్చి 3న, స్త్రీల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు. నల్లజాతి స్త్రీలు వెనుక వరుసలలో నడవాలని నిర్వాహకులు కోరిన ఊరేగింపు అది! 1935 నుండి కొన్నేళ్ళపాటు ఆల్ఫా కప్పా ఆల్ఫా వారు వేసవి సెలవులలో వైద్యులను, నర్సులను వెంటబెట్టుకొని మిసిసిపీ పల్లెలకు వెళ్ళి, పత్తిచేలలో పనిచేసే కుటుంబాల పిల్లలకు టీకాలు వేయించారు. మన నెల్లూరులో పొణకా కనకమ్మగారు బాలికల కోసం కస్తూరిదేవి విద్యాలయం స్థాపించినదీ ఇంచుమించు ఆ తరంలోనే. నా దృష్టిలో విలువలంటే ఇవే, ప్రమాణపత్రంలో రాసుకున్న మాటలు కావు.

జవాబు (నెల్లూరు, అక్కడ ఎం.ఎస్. చేసి వచ్చినవారు):
మేడమ్ గారు చెప్పిన చరిత్ర ఘనమైనదే కాని, ఈనాటి శాఖలన్నీ దానికి వారసులని అనుకోలేము. ఒకే సంఘానికి చెందిన శాఖ ఒక ఊరిలో రక్తదాన శిబిరాలు నడుపుతుంటే, మరో ఊరిలో కొత్తవారిని వేధించి విశ్వవిద్యాలయం చేత సస్పెండ్ అవుతుంటుంది. మన ర్యాగింగ్ వంటిదాన్నే అక్కడ హేజింగ్ అంటారు. దీనిపై 2024 డిసెంబరులో అక్కడ ఒక సమాఖ్య చట్టం వచ్చింది. హేజింగ్‌కు పాల్పడినట్లు తేలిన సంఘాల వివరాలను విశ్వవిద్యాలయాలు తమ వెబ్‌సైటులో పెట్టాలి. అమ్మాయిని ముందుగా ఆ నివేదిక చూడమనండి. చందాతో పాటు దుస్తులకు, విందులకు, జరిమానాలకు ఎంత అవుతుందో రాతపూర్వకంగా అడగమనండి. డబ్బు లెక్క దాటవేసే శాఖలో చేరకపోవడమే మంచిది. సంఘం ఇంట్లోనే ఉండాలన్న నిబంధన ఉందేమో కూడా కనుక్కోవాలి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంతకాలం ప్రమాణాల గురించే భయపడ్డాము గాని, జరిమానాల సంగతి మాకు తట్టనేలేదు. నివేదిక చూసి చెప్పమని అమ్మాయికి మెసేజి పెట్టాను.