ఘాట్ మలుపుల్లో కీచుమనేది లోపలి చక్రమా, బయటి చక్రమా?

అందరికీ నమస్కారం. పోయిన నెల విశాఖ నుంచి అరకు రైల్లో వెళ్లాం. శివలింగపురం దాటాక బండి నత్తనడకే, అయినా మలుపు మలుపుకీ చక్రాలు ఒకటే కీచుమనడం. "ఎందుకు నాన్నా?" అన్నాడు మావాడు. "రాపిడిరా" అని తప్పించుకున్నాను గానీ, ఇంటికొచ్చి లెక్క వేస్తే నాకే తల తిరిగింది.

ఇరుసుకు రెండు చక్రాలూ బిగించేసి ఉంటాయి, విడివిడిగా తిరగలేవు. మలుపులో బయటి పట్టా పొడవెక్కువ. ఆ తేడా సర్దడానికే చక్రం 20కి 1 వాలుతో శంకువులా ఉంటుందని, ఇరుసు బయటివైపు జరిగితే బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్న భాగం మీద దొర్లుతాయని చదివాను. సరే, 8 డిగ్రీల మలుపు అనుకుందాం. మలుపు వ్యాసార్థం మీటర్లలో కావాలంటే 1750ని డిగ్రీలతో భాగించాలి కాబట్టి, 1750ని 8తో భాగిస్తే సుమారు 219 మీటర్లు. చక్రం వ్యాసం 915 మి.మీ. ఈ లెక్కన ఇరుసు దాదాపు 37 మి.మీ. పక్కకు జరగాలి. చక్రం అంచుకీ పట్టాకీ మధ్య ఉన్న సందేమో ఒక్కోవైపు సుమారు 10 మి.మీ.!

మరి మిగతా తేడా అంతా చక్రం జారడమేనా? మలుపులో బయటి పట్టా కాస్త ఎత్తుగా ఉంటుంది కాబట్టి నెమ్మదిగా వెళ్తే బరువు లోపలి పట్టా మీదే ఎక్కువ పడుతుంది కదా, కీచు అక్కడిదా? లేక బయటి చక్రం అంచు ఒరుసుకోవడం వల్లా? బోగీలో (అంటే పెట్టె కింద రెండు ఇరుసులుండే చట్రంలో) ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ ఇందులో తేడా ఉంటుందా? రైల్వేలో పనిచేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త విడమరిచి చెప్పండి. లెక్కలో తప్పుంటే మొహమాటపడకండి.