బరువు తగ్గింది కానీ పొట్ట తగ్గట్లేదు, ఏం మార్చాలి?

అందరికీ నమస్కారం. నాకు 42 ఏళ్లు, గుంటూరులో అకౌంట్స్ పని, పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా కుర్చీలోనే. నాలుగు నెలల్లో 84 కిలోల నుంచి 79కి వచ్చాను, కానీ బొడ్డు దగ్గర టేపు పెట్టి చూస్తే 98 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోయింది. మన దేశంలో మగవాళ్లకు 90 దాటకూడదంటారు, పైగా మా నాన్నగారికి షుగర్, అందుకే టెన్షన్‌గా ఉంది.

రోజూ 45 నిమిషాలు నడుస్తున్నాను. రాత్రి అన్నం మానేసి రెండు జొన్న రొట్టెలు, పాలకూర పప్పు. మధ్యాహ్నం మాత్రం అన్నం తగ్గించలేకపోతున్నాను, గోంగూర పచ్చడి ఉంటే ఇంకో రెండు ముద్దలు ఎక్కువే. మొన్న లెక్క చూస్తే మా ముగ్గురికి నెలకు ఐదు లీటర్ల నూనె అవుతోంది, అది చూసి నిజంగా భయమేసింది.

క్రంచెస్ (పడుకుని భుజాలు పైకి లేపే పొట్ట వ్యాయామం) రెండు నెలలు చేశాను, ఒక్క పొట్ట దగ్గర మాత్రమే కొవ్వు కరిగించడం కుదరదని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఇంట్లోనే స్క్వాట్లు, పుషప్‌లు మొదలుపెడదామనుకుంటున్నా, వారానికి ఎన్ని రోజులు చేయాలి? మేం శాకాహారులం, పప్పు, పెరుగు, సెనగలతో ప్రోటీన్ సరిపోతుందా? నలభై దాటాక నడుము తగ్గించుకున్నవాళ్లుంటే మధ్యాహ్నం ఏం తిన్నారో, ఎంత తిన్నారో కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.