బేస్‌మెంట్ ఫినిషింగ్‌కి మూడు కోట్స్ వచ్చాయి, ఎవరికివ్వాలి? మెటీరియల్ ఏం వాడాలి? (చికాగో పక్కన, నేపర్‌విల్ దగ్గర)

నేపర్‌విల్ నాని

అందరికీ నమస్తే. మాది నేపర్‌విల్ పక్కన 2019లో కట్టిన ఇల్లు. కింద 1100 స్క్వేర్ ఫీట్ బేస్‌మెంట్ ఇన్నాళ్ళూ సామాన్లు పడేసుకోడానికే సరిపోయింది, ఈ ఏడాది ఫినిష్ చేయిద్దామని. ఒక బెడ్‌రూమ్, ఒక ఫుల్ బాత్ (దానికి కావాల్సిన పైపులు, రఫ్-ఇన్ అంటారు, బిల్డర్ ముందే వేసి వదిలాడు), మిగతాదంతా ఓపెన్, ఒక మూల ప్రొజెక్టర్. అమ్మానాన్న వేసవిలో వచ్చి ఆర్నెల్లుంటారు, పిల్లల గోల లేకుండా ఆ బెడ్‌రూమ్ వాళ్ళకిద్దామని ప్లాన్.

కోట్స్ ఇలా ఉన్నాయి. వాట్సాప్ గ్రూప్‌లో దొరికిన మన తెలుగాయన 46 వేల డాలర్లు అన్నాడు, క్యాష్, సగం ముందే ఇవ్వాలి, "సిటీ పర్మిట్ ఎందుకండీ, తీస్తే ప్రాపర్టీ ట్యాక్స్ పెరుగుతుంది, లోపలికొచ్చి ఎవరు చూస్తారు" అంటాడు. ఇంకొకాయన పోలిష్, 68 వేలు, పర్మిట్ తనే తీస్తాడట, నాలుగు పేజీల ఎస్టిమేట్ పంపాడు. మూడోది షోరూమ్ ఉన్న పెద్ద కంపెనీ, 97 వేలు, సేల్స్ అతను మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇవాళే సైన్ చేస్తే 12 వేలు తగ్గిస్తానని ఒకటే పట్టు.

ఇక మెటీరియల్ డౌట్లు. గోడలకి బిల్డర్ చుట్టిన తెల్ల ఇన్సులేషన్ బ్లాంకెట్ ఉంది, అది పీకేయాలా, దాని ముందే ఫ్రేమింగ్ (గోడకి చెక్క చట్రం) చేసుకోవచ్చా? తెలుగాయనేమో పీకేసి స్టడ్స్ (చట్రంలో నిలువు చెక్కలు) మధ్య పింక్ ఫైబర్‌గ్లాస్ కూరితే చాలంటున్నాడు. ఫ్లోర్‌కి కార్పెటా, ఎల్‌వీపీయా (చెక్కలా కనపడే వినైల్ పలకలు)? సీలింగ్ డ్రాప్ (విప్పి తీసుకునే పలకలు వేలాడేసేది) అయితే ఆఫీస్ కళ వస్తుందని మా ఆవిడ ఒప్పుకోవట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

పాలకొల్లు ప్రసాద్

నానిగారూ, కార్పెటా ఎల్‌వీపీయా అన్నది ఆఖర్న తేల్చుకోవచ్చు, ముందు నీళ్ళ సంగతి తేల్చండి. సంప్ పిట్ (బేస్‌మెంట్ నేలలో నీళ్ళు చేరే గుంత) మూత తీసి ఎప్పుడైనా చూశారా? వానల్లో పంపు ఎంతసేపటికోసారి ఆన్ అవుతోందో గమనించారా? మన ఏరియా నేల బంకమన్ను, నీళ్ళు తొందరగా ఇంకవు, ఫౌండేషన్ చుట్టూ ఉన్న డ్రెయిన్ టైల్ (చిల్లుల పైపు) ఆ నీళ్ళన్నీ పట్టుకొచ్చి పిట్‌లో పోస్తుంది, పంపు బయటికి తోస్తుంది. ఆ పంపు ఆగేది ఎప్పుడయ్యా అంటే సరిగ్గా ఉరుములూ మెరుపులతో వాన దంచుతూ కరెంటు పోయినప్పుడే. మా వీధిలో ఒకాయన కొత్త కార్పెట్టూ సోఫాలూ అన్నీ పెట్టుకుని ఊరెళ్ళొచ్చేసరికి చీలమండ దాకా నీళ్ళు, ఇన్సూరెన్స్ వాళ్ళేమో మీకు వాటర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ లేదు కదా అన్నారట. మామూలు హోమ్ పాలసీలో సంప్ పొంగితే సాధారణంగా కవర్ ఉండదు, అది విడిగా కలుపుకోవాలి. కాబట్టి ముందు బ్యాటరీ బ్యాకప్ పంపు, ఆ ఎండార్స్‌మెంట్, ఆ తర్వాతే ప్రొజెక్టర్.

స్లాబ్‌లో (బేస్‌మెంట్ కాంక్రీట్ నేలలో) తడి ఉందో లేదో కూడా చూసుకోండి. 18 ఇంచులకి 18 ఇంచులు ప్లాస్టిక్ ముక్క కోసి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అంటించి ఓ రెండ్రోజులు వదిలేయండి, కింద చెమ్మ పట్టినా కాంక్రీట్ రంగు ముదిరినా తడి పైకొస్తున్నట్టే. ఒక్కచోట చూసి ఊరుకోకండి, మూలల్లో కూడా చెయ్యండి, అదీ వానలు పడే రోజుల్లో.

రేడాన్ (నేలలోంచి ఇంట్లోకొచ్చే హానికరమైన గ్యాస్) టెస్ట్ చేయించారా అసలు? ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్క ప్రకారం లీటరు గాలికి 4 పికోక్యూరీలు, ఆపైన ఉంటే తగ్గించుకోవాలి. మన ఇల్లినాయి రాష్ట్రంలో 2013 నుంచి కొత్త ఇళ్ళకి పాసివ్ రేడాన్ పైపు పెట్టాలని చట్టం ఉంది కాబట్టి మీ ఇంట్లో స్లాబ్ నుంచి రూఫ్ దాకా పైపు ఉండే ఉంటుంది, రీడింగ్ ఎక్కువొస్తే దానికి ఫ్యాన్ తగిలిస్తే సరిపోవచ్చు. డ్రైవాల్ (గోడకి కొట్టే జిప్సం బోర్డు) అయ్యాక తెలిసిందనుకోండి, అప్పుడు తవ్వుకోవాలి.

అరోరా అనిత

అన్నా, మెటీరియల్ సంగతి నాకంత తెల్వది గానీ ఒక్కటి అడుగుత, అమ్మానాన్నకు మోకాళ్ళు మంచిగున్నయా? మేం గూడ గిట్లనే కింద రూమ్ కట్టించి అత్తమ్మ వాళ్ళకు ఇచ్చినం. పొద్దుగాల నాలుగింటికే లేస్తరు, చాయ్ కావాలె, చాయ్ పైన, దేవుడు పైన, ఫోన్ సిగ్నల్ పైన. రోజుకు ఎన్నిసార్లు ఎక్కి దిగుతరో వాళ్ళకే ఎరుక. పైంగ కింద వెలుతురు లేదు, టైం ఎంతైందో సమజ్ కాదు. కొన్ని రాత్రులు సూసి మామయ్య పరుపు తెచ్చి పైన ఆఫీస్ రూమ్‌ల ఏసుకున్నడు, ఇప్పుడు కింద రూమ్‌ల మా ఆయన ట్రెడ్‌మిల్ ఉన్నది, దాని మీద బట్టలు ఆరేస్తున్నం.

ఇంకోటి, దాన్ని బెడ్‌రూమ్ అనాల్నంటే ఎగ్రెస్ విండో ఉండాలె. మనిషి దూరి బయటపడేటంత కిటికీ అన్నట్టు, తెరిస్తే 5.7 స్క్వేర్ ఫీట్ ఖాళీ రావాలె, కిటికీ అంచు నేల నుంచి 44 ఇంచుల కన్న ఎత్తుండొద్దు. మీ బిల్డర్ ఆల్రెడీ ఒకటి పెట్టిండా సూడున్రి. లేకపోతే ఫౌండేషన్ గోడ కోసి బయట గుంత తవ్వి విండో వెల్ పెట్టాలె, అది చిన్న ఖర్చు గాదు. మీ 46 వేలాయన దీని గురించి ఒక్క ముక్కన్న మాట్లాడిండా?

గుంటూరు సివిల్ ఇంజనీర్

ఇన్సులేషన్ గురించి నేను రాస్తా, ఇక్కడే అందరూ మోసపోయేది. కాంక్రీట్‌కి ఆనించి పింక్ ఫైబర్‌గ్లాస్ కూరి పైన ప్లాస్టిక్ షీట్ కొట్టడం పాత పద్ధతి. జులైలో ఇంట్లో గాలి తేమగా ఉంటుంది, భూమిలో ఉన్న గోడ చల్లగా ఉంటుంది, ఆ గాలి ఫైబర్‌గ్లాస్‌లోంచి దూరి గోడకి తగిలి, ఫ్రిజ్‌లోంచి తీసిన కూల్‌డ్రింక్ సీసాకి పట్టినట్టు చెమట పడుతుంది. అటు కాంక్రీట్ కూడా నేలలో తడిని లోపలికి వదులుతుంది, మధ్యలో మీరు ప్లాస్టిక్ కొట్టేస్తే ఆ తడి ఎటు పోతుంది? చెక్కకీ డ్రైవాల్ వెనక కాగితానికీ బూజు పడుతుంది, మీకేమో ముక్కుకి వాసన కొట్టేదాకా తెలీదు.

నన్నడిగితే ఆ బ్లాంకెట్ తీసేసి 2 ఇంచుల ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ బోర్డు (వేడిని ఆపే శక్తి, అంటే ఆర్-విలువ, ఇంచ్‌కి 5) నేరుగా కాంక్రీట్‌కి అంటించి, జాయింట్లకి టేప్ వేసి, పైన రిమ్ జాయిస్ట్ (ఫౌండేషన్ గోడ మీద చుట్టూ ఉండే చెక్క) దగ్గర క్లోజ్డ్ సెల్ స్ప్రే ఫోమ్ కొట్టించి, దాని ముందు టూ-బై-ఫోర్ చెక్కలతో గోడ లేపండి. మన చికాగో చలికి కోడ్ ఆర్-విలువ కలిసొచ్చిందో లేదో మీ సిటీలో అడిగి, తక్కువైతే స్టడ్స్ మధ్య ప్లాస్టిక్ లేకుండా కాస్త మినరల్ ఊల్ (రాతి నార) పెట్టుకోవచ్చు. ఫోమ్‌ని ఊరికే కనపడేలా వదలకూడదు, మంటకి అడ్డుగా అర ఇంచ్ డ్రైవాల్ పడాల్సిందే. బ్లాంకెట్ వెనక పూర్తిగా పొడిగా ఉంటే అలాగే ఉంచి ముందు ఫ్రేమింగ్ చేసేవాళ్ళూ ఉన్నారు, తప్పనను, కానీ ముందు ఒకచోట విప్పి గోడ చూడండి.

కాంక్రీట్‌కి తగిలే కింద చెక్క ప్రెజర్ ట్రీటెడ్ (కుళ్ళకుండా మందు పట్టించినది) ఉండాలి, దాని కింద ఫోమ్ గ్యాస్కెట్. డ్రైవాల్ నేలకి ఆనకుండా అర ఇంచ్ పైకుండాలి, బేస్‌బోర్డ్ దాన్ని కప్పేస్తుంది. ఇవన్నీ చవకే, కాకపోతే మనం అడక్కపోతే చెయ్యరు.

ఫ్లోర్‌కి కార్పెట్ వద్దు, ఎల్‌వీపీ వేసుకోండి, చలి కాళ్ళకి పైన ఒక రగ్గు. అయితే వాటర్‌ప్రూఫ్ అన్నారని మురిసిపోకండి, పలకకి ఏం కాదు గానీ దాని కిందకి చేరిన నీళ్ళు అక్కడే ఉంటాయి, వరదొస్తే అదీ లేపాల్సిందే. స్లాబ్ ఎగుడుదిగుడుగా ఉంటే క్లిక్ జాయింట్లు విరుగుతాయి, చాలా కంపెనీలు 10 అడుగులకి 3/16 ఇంచ్ కన్నా తేడా ఉండొద్దంటాయి, కాబట్టి గ్రైండింగూ లెవెలింగూ కోట్‌లో ఉందో లేదో చూడండి. కొందరు కింద సబ్‌ఫ్లోర్ ప్యానెల్స్ వేస్తారు, వెచ్చగానే ఉంటుంది, కానీ నేల లేచేసరికి మెట్లలో ఆఖరిది పొట్టిదైపోతుంది. మెట్టుకీ మెట్టుకీ 3/8 ఇంచ్ మించి తేడా ఉంటే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోడు. పెద్దవాళ్ళు తట్టుకుని పడేది కూడా అక్కడే.

షాంబర్గ్ శ్రీను

కాంట్రాక్టర్ గురించి ఎవరూ సరిగ్గా రాయలేదు కాబట్టి నేను అందుకుంటున్నా. ఇల్లినాయిలో జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్స్ అనేదే లేదు బ్రో, ప్లంబర్లకీ రూఫర్లకీ ఉంది. ఎవడైనా "ఐ యామ్ స్టేట్ లైసెన్స్‌డ్" అంటే దేనికి అని అడుగు. సిటీ రిజిస్ట్రేషన్ ఉందేమో చూడు, బాత్రూమ్ పని చేసే ప్లంబర్ లైసెన్స్ నంబర్ అడుగు, లయబిలిటీ, వర్కర్స్ కాంప్ (పనివాళ్ళ గాయాల బీమా) సర్టిఫికెట్లు అతని చేతి నుంచి కాకుండా అతని ఇన్సూరెన్స్ ఏజెంట్ నుంచి నేరుగా నీకు మెయిల్ రావాలి.

ఒక చిన్న పరీక్ష పెట్టు. వైరింగ్ దేంట్లో లాగుతావని అడుగు. చికాగో చుట్టుపక్కల చాలా ఊళ్ళలో ఇళ్ళకి కూడా మెటల్ కండ్యూట్ (వైర్లు లాగే లోహపు గొట్టం) పడాలి, బయటి రాష్ట్రాల్లో లాగా రోమెక్స్ (ప్లాస్టిక్ తొడుగు కేబుల్) కుదరదు. రోమెక్స్ అన్నాడంటే పర్మిట్ వద్దనడానికి అసలు కారణం ట్యాక్స్ కాదు అది. 46కీ 68కీ మధ్య తేడా చాలా మటుకు అక్కడే ఉంటుంది, కండ్యూట్, ఫోమ్, ఫైర్ బ్లాకింగ్ (గోడల్లో మంట పాకకుండా అడ్డుకట్ట), లైసెన్స్ ఉన్న ప్లంబర్.

వెయ్యి డాలర్లు దాటిన రిపేర్ పనికి ఇక్కడ రాతపూర్వక కాంట్రాక్ట్ ఉండాలి, కన్స్యూమర్ రైట్స్ పాంప్లెట్ కూడా ఇవ్వాలి, చట్టం అది. డబ్బులు: సైన్ చేసేటప్పుడు ఒక 10 శాతం, తర్వాత రఫ్ ఇన్‌స్పెక్షన్ (గోడలు మూసేముందు సిటీ తనిఖీ) పాసయ్యాక, డ్రైవాల్ అయ్యాక, అలా. ఆఖరి 10 శాతం ఫైనల్ ఇన్‌స్పెక్షన్ కాగితం చూశాకే. సగం ముందే అన్నవాడికి దండం పెట్టి పంపెయ్. ప్రతి పేమెంట్‌కి ముందు స్వోర్న్ స్టేట్‌మెంట్ (ప్రమాణం చేసి రాసిచ్చే కాగితం) అడుగు, అందులో సబ్ కాంట్రాక్టర్లు ఎవరు, ఎవరికి ఎంత ఇవ్వాలి అని ఉంటుంది, డబ్బు ముట్టిన వాళ్ళ దగ్గర లీన్ వేవర్ (ఇక ఇంటి మీద బాకీ హక్కు, అంటే లీన్, వేయమని రాసిచ్చే కాగితం) తీసుకో. లేకపోతే నువ్వు ఇతనికి మొత్తం కట్టినా ఇతను ప్లంబర్‌కి ఎగ్గొడితే ఆ ప్లంబర్ వచ్చి నీ ఇంటి మీద లీన్ వేస్తాడు.

68 వేలాయన నాలుగు పేజీల్లో అలవెన్సులు (మెటీరియల్‌కి అతను ముందే వేసుకున్న రేట్లు) చూడు, టైల్‌కి స్క్వేర్ ఫీట్‌కి రెండు మూడు డాలర్లు రాసి ఉంటే షాపులో నీకు నచ్చేది ఆ రేటుకి దొరకదు, తేడా నీ నెత్తి మీదే. 97 వేలోళ్ళకి తొందరపడి ఇంట్లోనే సైన్ చేసినా మూడు బిజినెస్ డేస్‌లో క్యాన్సిల్ చేసుకునే హక్కుంది, అది గుర్తుంచుకో.

విజయవాడ వంశీ

అందరూ కలిసి ఆ తెలుగాయన మీద పడ్డారు పాపం. మా బేస్‌మెంట్ మనవాళ్ళే చేశారు, పర్మిట్ తీసే చేశారు, పని బ్రహ్మాండం. మనవాడా కాదా అని కాదు, పర్మిట్ తీస్తావా లేదా అని అడగండి. తీస్తానంటే రేటెంతో మళ్ళీ రాయించుకోండి, చూద్దాం 46 దగ్గరే ఉంటుందేమో. "మీ పేరు మీద మీరే తీసుకోండి" అంటే మాత్రం వద్దు, పని తేడా వస్తే బాధ్యత మీదైపోతుంది.

ట్యాక్స్‌కి మరీ భయపడకండి. ఇల్లినాయిలో హోమ్‌స్టెడ్ ఇంప్రూవ్‌మెంట్ ఎగ్జెంప్షన్ ఉంది, ఇల్లు బాగు చేసుకోవడం వల్ల మార్కెట్ విలువ 75 వేల దాకా పెరిగినా ఆ పెరిగినదాని మీద నాలుగేళ్ళు పన్ను పడదు. మీ కౌంటీ అసెసర్ ఆఫీస్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.

నేపర్‌విల్ నాని

అందరికీ థాంక్సండీ. అనితగారి మెసేజ్ మా ఆవిడకి చూపిస్తే "నేను చెప్తే విన్నారా" అంది. నాన్నకి ఎడమ మోకాలు బాలేదు, సో పైన స్టడీ రూమ్‌లో మంచం వేస్తున్నాం, పక్కనే హాఫ్ బాత్ ఉంది, షవర్‌కి చోటు దొరుకుతుందేమో అడగాలి. కింద ఎగ్రెస్ లేదు, చిన్న కిటికీలే, కాబట్టి బెడ్‌రూమ్ తీసేసి ఓపెన్‌గానే ఉంచుతాం. తెలుగాయనకి ఫోన్ చేసి పర్మిట్ అడిగాను, "చూసి చెప్తానండీ" అన్నాడు, ఇంకా చూస్తూనే ఉన్నాడు. పోలిష్ ఆయన కండ్యూట్ అని నేను అడక్కముందే ఎస్టిమేట్‌లో రాశాడు, ఇప్పుడు చూసుకున్నా. రేడాన్ కిట్ ఆర్డర్ పెట్టాను. సీలింగ్ ఒక్కటే తేలలేదు.

గుంటూరు సివిల్ ఇంజనీర్

డ్రైవాల్ సీలింగే వేయించుకోండి, కానీ నీళ్ళ వాల్వులు, డ్రెయిన్ క్లీనవుట్లు (పైపు శుభ్రం చేసే మూతలు), డక్ట్ డ్యాంపర్ల (గాలి గొట్టాల్లో తిప్పే రేకులు) దగ్గర యాక్సెస్ ప్యానెల్స్ (తెరిచే చిన్న మూతలు) పెట్టించండి. ఎలక్ట్రికల్ జంక్షన్ బాక్సులు డ్రైవాల్ వెనక పూడ్చకూడదు, అది కోడ్. ఫర్నేస్ రూమ్ వైపు ఎవరికీ కనపడదు కదా, అక్కడ సీలింగ్ వేయకుండా వదిలేసినా పర్లేదు, డబ్బు మిగుల్తుంది. ఆ రూమ్‌కి బిగుతైన తలుపు మాత్రం పెట్టొద్దు, మీది లోపలి గాలి వాడుకునే ఫర్నేసో హీటరో అయితే గాలి అందాలి, లూవర్డ్ డోర్ (గాలి సందులున్న తలుపు) అడగండి. బ్రేకర్ ప్యానెల్ ముందు మూడడుగులు ఖాళీ ఉండాలి, దాన్ని బట్టల క్లోజెట్‌లోకి కలపకూడదు.

డ్రైవాల్ కొట్టే ముందు రోజు టేప్ పెట్టి కొలతలు కనపడేలా ప్రతి గోడకీ సీలింగ్‌కీ వీడియో తీసి పెట్టుకోండి, రేపు టీవీకి మేకు కొట్టాలన్నా పైపు ఎక్కడుందో అందులోనే దొరుకుతుంది.