నిర్ధారకం దేన్ని నిర్ధారిస్తుంది?

మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, తెలుగు మీడియం. డిటర్మినెంట్‌ని పుస్తకంలో నిర్ధారకం అన్నారు. లెక్కలు చేసేస్తోంది గానీ ఆ పేరెందుకు పెట్టారని అడిగితే నాకు తోచలేదు. ఎవరైనా చెప్పగలరా?

— పేరు బాగానే కుదిరిందండీ. జవాబు ఎంత అని కాదు, జవాబు ఒక్కటే ఉందా లేదా అన్నది అది తేలుస్తుంది. 2 పెన్నులు, 3 నోటుబుక్కులు కలిపి 140 రూపాయలు, 5 పెన్నులు, 1 నోటుబుక్కు కలిపి 90 అనుకోండి. డబ్బు సంగతి పక్కన పెట్టి ఎన్నెన్ని కొన్నారో ఆ నాలుగు అంకెలే తీసుకుంటే 2×1 − 3×5 = −13, ఇదే నిర్ధారకం. సున్నా కాలేదు కాబట్టి బిల్లు ఎంతయినా సరే, ధరలకు ఒకే ఒక్క జవాబు ఉంటుందని ముందే చెప్పేయొచ్చు. ఇక ఆ ధరలెంతో నిర్ధారకాలతోనే కట్టేది క్రామర్ పద్ధతి: పెన్నుల నిలువు వరుస తీసేసి అక్కడ 140, 90 పెడితే 140×1 − 3×90 = −130, దాన్ని −13తో భాగిస్తే పెన్ను 10 రూపాయలు. నోటుబుక్కుల వరుసలో పెడితే −520 వస్తుంది, అంటే 40.

రెండో బిల్లు 4 పెన్నులు, 6 నోటుబుక్కులది అయితే? 2×6 − 3×4 = 0. మొత్తం 280 అయితే మొదటి బిల్లునే రెండింతలు చేసినట్టు, కొత్తగా తెలిసిందేమీ లేదు. 300 అయితే ఏ ధరలూ సరిపోవు, పదో తరగతిలో అసంగత సమీకరణాలు అన్నవి ఇవే. ఈ రెండిట్లో ఏదో సున్నా ఒక్కటే చెప్పలేదు, క్రామర్ పద్ధతీ అక్కడ ఆగిపోతుంది, సున్నాతో భాగించలేం కదా.

— ఆ పేరు క్రామరే పెట్టాడా?

— కాదండీ. ఆయన పద్ధతి అచ్చయింది 1750లో, అప్పటికి ఈ పేరు లేదు. 1801లో గాస్ ఈ మాట వాడాడు గానీ వర్గ రూపాల (ax² + 2bxy + cy² లాంటివి) గురించి, ఇప్పటి అర్థంలో వాడింది 1812లో కోషీ. మ్యాట్రిక్స్ (అంకెల పట్టిక, తెలుగులో మాత్రిక) అన్న పేరైతే 1850లో సిల్వెస్టర్ పెట్టాడు. మన పుస్తకాల్లో మాత్రిక ముందు, నిర్ధారకం తర్వాత. చరిత్రలో వరుస తలకిందులు. హిందీలో సారణిక్ అంటారు, అంటే పట్టికలాంటిదని, దాని పనేమిటో అందులో తెలియదు. నా ఓటు నిర్ధారకానికే. ధకి ఒత్తు మాత్రం మర్చిపోవద్దని అమ్మాయికి చెప్పండి.