గిరి రోడ్డులో సైకిల్ లేన్: కావాలా, వద్దా?

గేట్‌బజార్ వాసి
ముందే చెప్పేస్తున్నా, కార్పొరేషన్ వాళ్లు ఏదీ ప్రకటించలేదు. ఇది నేను అడుగుతున్న ప్రశ్నే. ఒడిశాలో మన బరంపురం గిరి రోడ్డులో రెండు పక్కలా సైకిళ్లకి విడిగా లేన్ వేసి, బళ్ల వేగం గంటకి 30 కిలోమీటర్లకి తగ్గిస్తే ఎలా ఉంటుంది? భువనేశ్వర్‌లో 2018లో హాకీ ప్రపంచకప్ నాటికి 'మో సైకిల్' అద్దె సైకిళ్లు తెచ్చారు. 2020లో వీధుల్ని సైకిళ్లకి అనువుగా మార్చడం మీద కేంద్రం నగరాలకి పోటీ పెడితే చివరికి ఎంపికైన 11 నగరాల్లో భువనేశ్వరూ ఉంది, వరంగలూ ఉంది. మనం మాత్రం పట్టు గురించి, అప్పడాల గురించి చెప్పుకుంటూ కూర్చోవాలా?

నా గొడవ కూడా చెప్తాను. మా అమ్మాయికి బడిలో ప్రభుత్వం వాళ్లు సైకిలిచ్చారు. పిల్లని సైకిల్ మీద గిరి రోడ్డుకి పంపే ధైర్యం మాకు లేదు. సైకిల్‌ని వరండాలో పెట్టాం, దాని మీద తువ్వాళ్లు ఆరేస్తున్నాం.

కొట్టు_కట్టెయ్యాలా
గేట్‌బజార్ గారూ, కాగితం మీద ఎన్ని గీతలైనా గీయొచ్చు. ఒకసారి సాయంత్రం ఆరింటికి వచ్చి నా కొట్టు ముందు నిలబడండి. కాలవ పలకలు, తోపుడు బళ్లు, ఆపిన బైకులు పోగా మిగిలిన రోడ్డెంత? అందులోంచి సైకిళ్లకి వాటా తీస్తే ముందుగా పోయేది నా గిరాకీ బండి ఆపుకునే జాగా. పెళ్లిళ్ల రోజుల్లో ఇచ్ఛాపురం, సోంపేట నుంచి కుటుంబాలు చీరలకి వస్తారు. బండి పెట్టడానికి రెండుసార్లు చుట్టూ తిరిగారంటే మూడోసారి రారు, ఫోన్లోనే కొనుక్కుంటారు.

ఢిల్లీ సంగతి మర్చిపోయారా? అంబేద్కర్ నగర్ నుంచి మూల్‌చంద్ దాకా బస్సు కారిడార్, పక్కన సైకిల్ లేన్ అని 2008లో మొదలెట్టారు. 2016లో పీకేశారు. డబ్బు మనది, ప్రయోగం వాళ్లది.

రెండు చక్రాలు
ఢిల్లీలో జనానికి మండింది సైకిల్ లేన్ మీద కాదు, మధ్య లేన్లు బస్సులకి ఇచ్చేశారని కార్లవాళ్ల గొడవ. సైకిల్ లేన్‌కొచ్చిన రోగం వేరు: మోటార్ సైకిళ్లు అందులో దూరేవి. ఇక్కడా దూరుతాయి. కాబట్టి ఉత్త రంగు పూసిన లేనైతే నేనూ వద్దనే అంటాను.

కానీ ఇలాంటి చర్చల్లో ఎప్పుడూ వినపడే 'సైకిలెవడు తొక్కుతున్నాడు' అనే మాట మాత్రం ఒప్పుకోను. 2011 జనాభా లెక్కల్లో, వ్యవసాయం కాకుండా వేరే పనులకి వెళ్లేవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి 13 మంది సైకిల్ మీద వెళ్లేవారు, 22 మందికి పైగా నడిచి వెళ్లేవారు. కార్లో వెళ్లేవాళ్లు ముగ్గురు కూడా లేరు. పాత లెక్కే, ఈలోగా బైకులు బాగా పెరిగాయి, నిజమే. అయినా పొద్దున్నే పాలవాళ్లు, తాపీ పనివాళ్లు, కొట్లు తుడవడానికి వచ్చే ఆడవాళ్లు ఎలా వస్తున్నారో చూడండి. మీరు షట్టర్ తీసేసరికి వాళ్లు వెళ్లిపోయుంటారు, అందుకే మీ కంట పడరు.

రిటైర్డ్_ఏఈ
ఇద్దరూ లేన్ దగ్గరే ఆగిపోయారు. ముందు చూడాల్సింది వేగం.

2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ రోడ్ల మీద కారుకి 70, మోటార్ సైకిలుకి 60 దాకా వెళ్లొచ్చు. రాష్ట్రం తగ్గించుకోవచ్చు గాని, ఎవరికి పట్టింది? రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ సదస్సులో చేసిన 2020 స్టాక్‌హోమ్ ప్రకటన ఏమందంటే, నడిచేవాళ్లూ సైకిళ్లూ బళ్లూ కలిసి తిరిగే చోట 30 దాటకూడదని. కారణం చిన్న లెక్క. తగిలే దెబ్బ వేగం వర్గంతో, అంటే వేగాన్ని వేగంతోనే గుణించిన లెక్కన పెరుగుతుంది. 50లో వచ్చే బండిని 30కి దింపితే దెబ్బ బలం మూడో వంతుకి కాస్త పైన మిగులుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు నడుస్తున్న మనిషి.

వేగం తగ్గించడమంటే మనవాళ్లకి తెలిసింది స్పీడ్ బ్రేకరొక్కటే. అదైనా సరిగ్గా వెయ్యరు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, 25 వేగంలో బండి మెత్తగా ఎక్కి దిగాలి. మన వీధుల్లో చూడండి. ఎవరింటి ముందో యాక్సిడెంటైతే ఆ రాత్రే మిగిలిపోయిన కాంక్రీటు తెచ్చి అడ్డంగా పోసేస్తారు. జానెడు వెడల్పు, నిటారు అంచు, తెల్లరంగు లేదు, బోర్డు లేదు. గ్యాస్ సిలిండర్ల కుర్రాడు అక్కడ దిగి బండి తోసుకెళ్తాడు. నిండు నెలల మనిషి ఆటోలో కూర్చుంటే పరిస్థితేమిటో చెప్పక్కర్లేదు. దీన్ని ట్రాఫిక్ నియంత్రణ అంటే నాకు ఒళ్లు మండుతుంది.

వేరే పద్ధతులున్నాయి. రోడ్డు దాటే చోటుని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపి వెడల్పుగా కట్టొచ్చు. మూల దగ్గర ఫుట్‌పాత్‌ని కాస్త ముందుకి తెస్తే మలుపు బిగుస్తుంది, డ్రైవరు తనంతట తనే బ్రేకేస్తాడు, పోలీసక్కర్లేదు. వేగం దిగితే చాలా వీధుల్లో సైకిలుకి వేరే లేనే అవసరముండదు.

ఈరిక్షా_కామపల్లి
మాస్టారూ, అంతా బాగుంది గాని మా గతేటి? సవారీ చెయ్యెత్తిన కాడ ఆపాల. ఎడం పక్క సైకిల్ లేనుంటే అందులోనే ఆపాల. ఆపితే సైకిలోడు తిడతాడు, ఆపకపోతే సవారీ ఎనకాలోడి బండెక్కెస్తాది. మీరన్నట్టు ఆ జానెడు బ్రేకర్ల మీద బండి అడుగు గీసుకుపోతాంది, నిజం. ఎక్కించుకోడానికి అక్కడక్కడా జాగా ఇచ్చీసి, తరవాత లేనేటేసుకున్నా మాకు పేచీ లేదు.

మగ్గం ఇంటమ్మాయి
నాది రెండు వైపులా ఉన్న మాట.

మా నాన్న ఇప్పటికీ చీరల మూట సైకిల్ క్యారియర్‌కి కట్టుకుని షాపులకి తీసుకెళ్తారు. నేను వెనక స్కూటీ మీద వెళ్తూ చూశాను. ఎడం అంచున కాలవ పలకలున్నాయి, రెండు పలకల సందులో ముందు చక్రం దిగబడేలా ఉంటుంది. అది తప్పించుకోడానికి మూరెడు లోపలికి వస్తారు. వచ్చీరాగానే వెనక నుంచి హారన్. సరేనని అంచుకి జరిగితే ఆపి ఉన్న కారు తలుపు తెరుచుకుంటుంది. అంచూ ఆయనది కాదు, మధ్యా ఆయనది కాదు. లేన్ సంగతి తర్వాత, ఆ పలకలు సమంగా పరిచినా మా నాన్నకి సగం ప్రాణం కుదుటపడుతుంది.

అయితే మోటార్ సైకిళ్లు దూరకుండా లేన్‌కి అడ్డంగా సిమెంటు స్తంభాలు పాతేస్తామంటే మాత్రం నేను ఒప్పుకోను. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర, అంటే మా అమ్మవారి జాతర వస్తుంది. అన్ని రాత్రులు ఘటాలతో, వెనక జనంతో ఊరేగింపు నడిచే ఊరిది. చీకట్లో మోకాలెత్తు స్తంభం ఎవరికి తగులుతుందో చూడాలా? తీసి మళ్లీ పెట్టే రకం ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం.

కొట్టు_కట్టెయ్యాలా
అమ్మా, నువ్వన్నది సబబు. పలకల సంగతి నేనూ ఎప్పటినుంచో మొత్తుకుంటున్నా. మాస్టారు చెప్పిన ఎత్తు దారి బడి ముందు కట్టండి, నాకే అభ్యంతరమూ లేదు. పార్కింగ్ జోలికొస్తే మాత్రం ఊరుకోను.

రెండు చక్రాలు
అన్నా, పార్కింగ్ అంటున్నారు కాబట్టి అడుగుతున్నా, కోపగించుకోవద్దు. మీ వరసలో కొట్ల ముందు పొద్దున పదింటికి నిలబెట్టిన బైకులు రాత్రి తొమ్మిదికి కదులుతున్నాయి. అంతసేపు చీరలు చూసే గిరాకీ ఎక్కడా ఉండదు. అవి ఓనర్లవి, కొట్లో పనిచేసే కుర్రాళ్లవి. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన కుటుంబానికి జాగా లేకుండా చేస్తున్నది సైకిల్ లేన్ కాదు. ఆ బళ్లు తీస్తే గిరాకీకీ చోటొస్తుంది, ఈ-రిక్షా అన్నకి ఆపుకునే జాగా వస్తుంది, ఇంకా మిగిలితే సైకిలుకి.

రిటైర్డ్_ఏఈ
ఇది అసలు పాయింటు. గంట దాటితే రుసుము పెడితే వాటంతటవే కదులుతాయి. కాకపోతే వసూలు చేసే గుత్తేదారుడెవరన్నది ఇంకో రామాయణం.

గేట్‌బజార్ వాసి
అయితే ముందు పలకలు, బడి దగ్గర ఎత్తు దారి, తర్వాత పార్కింగ్. లేన్ ఆ తర్వాత. నేను తలకిందుల నుంచి మొదలెట్టమన్నానంటారా?

రెండు చక్రాలు
మీరు లేన్ అడక్కపోతే పార్కింగ్ మాటే వచ్చేది కాదు.

కొట్టు_కట్టెయ్యాలా
మా కుర్రాళ్ల బళ్లు వెనక సందులో పెట్టించమంటే పెట్టిస్తా. ఆ సందులో లైటు లేదు, రాత్రి పెట్రోలు తీసేస్తున్నారు. ముందు లైటు వేయించండి. అది వేశాక కూడా సైకిల్ లేన్‌కి నా ఓటు లేదు, రాసి పెట్టుకోండి.