నిహోంగా చిత్రంలో నీలం రంగు రాలిపోతోంది, జిగురు పాళ్ళు చెప్పగలరా?

క్యోటోలో ఉంటూ నిహోంగా (జపాన్ సంప్రదాయ చిత్రకళ) పద్ధతిలో బొమ్మలు వేస్తున్నాను. చెక్క పలకకు అతికించిన కుమొహదా కాగితానికి పటిక, జిగురు కలిపిన దోసా పూసి, గోఫున్ (ఆల్చిప్పల తెలుపు) రెండు పొరలు వేశాను. దాని మీద 9వ నంబరు గుంజో (ఖనిజపు పొడి) నీలం; నంబరు తగ్గేకొద్దీ రేణువు ముతక. ఆరాక వేలితో తాకితే ఇసుకలా రాలుతోంది. మెత్తటి 13వ నంబరు మాత్రం బాగానే పట్టింది.

నికావా (జంతువుల నుంచి తీసే) జిగురు 10 గ్రాములు 100 మి.లీ. నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వేడినీళ్ళ గిన్నెలో పెట్టి మరగనివ్వకుండా కరిగిస్తాను. జిగురు పెంచితే రాలడం ఆగింది కానీ నీలం నల్లబడి, కింది తెలుపుతో సహా పెచ్చులు లేచింది. పైన పల్చగా దోసా పూసినా లాభం లేదు. ఆ గరుకు నీలం మెరుపే బొమ్మకు ప్రాణం, దాన్ని వదులుకోలేను.

ముతక రంగు నిలవాలంటే కింది గోఫున్‌లో, పై నీలంలో జిగురు ఏ పాళ్ళలో ఉండాలి?