‘సింగి’ ఊళ్ళ పేర్లలో ఉన్నది సింహమా, సవర ఇల్లా? (మారుపేర్లతో సాగిన చర్చ)

వంశధార ఒడ్డు:
ఒడిశా రాయగడ జిల్లాలోని గుణుపురం పైన కొండల్లో పుట్టసింగి, బొరంసింగి లాంటి ఊళ్ళున్నాయి. ‘సింగి’ అంటే సింహం, నరసింహస్వామి పేరున వెలిసిన ఊళ్ళు అని కొందరంటారు. ఆ కొండల్లోని సవర గిరిజనుల భాషలో ‘సిఙ్’ అంటే ఇల్లు కాబట్టి అదే మూలమని ఇంకొందరు. ఏ మాట నిలుస్తుంది?

పాత రికార్డులు:
నా ఓటు సింహానికే. సింహం ‘సింగం’ కావడం మనకు మామూలే. సింగన్న, సింగరాయుడు, శ్రీకాకుళం దగ్గర సింగుపురం చూడండి. ఈ ప్రాంతాన్ని ఏలిన తూర్పు గాంగ రాజుల్లో నరసింహదేవులే నలుగురు. సింహాచలం దేవుడి పేరు ఈ కొండలదాకా రాలేదనుకోవడం ఎలా?

సవర పాఠాలు:
మాస్టారూ, మీ ఉదాహరణలే మీకు అడ్డం వస్తున్నాయి. సింగుపురంలో సింహం ముందుంది, ‘పురం’ చివర ఉంది. మన ఊళ్ళ పేర్లలో చివరి ముక్క మామూలుగా ‘అది ఏమిటి’ అని చెబుతుంది: పేట, వలస, పాడు, గూడ. ముందు ముక్క ‘ఏది’ అని చెబుతుంది. పుట్టసింగిలో సింగి చివర ఉంది. ఒకే ముక్క ఇన్ని పేర్ల చివర వస్తోందంటే అది దేవుడి పేరు కాదు, నివాసాన్ని చెప్పే మాట. సవరలో ఊరిని ‘గొర్జఙ్’ అంటారు, ఇంటిని ‘సిఙ్’ అంటారు. గిడుగు రామమూర్తి గారి సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. ఊహకు దిగేముందు వాటిని తెరవాలి.

పాత రికార్డులు:
మూలం ‘సిఙ్’ అయితే సింగిలో చివరి ‘ఇ’ ఎక్కడిది బాబూ? బయటి మాట హల్లుతో ముగిస్తే మనం ‘ఉ’ చేరుస్తాం. బస్సు, బిల్లు. అలా ‘సింగు’ కావాలి కదా!

సవర పాఠాలు:
మంచి ప్రశ్న. ఒడిశా ప్రభుత్వ కాగితాల్లో అదే ఊరు ‘పుట్టాసింగ్’, ‘ఇ’ లేకుండానే. ఒకచోట ఉండి మరోచోట లేని అచ్చు మూలంలోది కాదు, పలికేవాళ్ళు చేర్చింది. పైగా ‘ఇ’ మీ సింహానికీ ఇబ్బందే. సింహం నుంచి వచ్చేది సింగ, సింగం.

మహేంద్రగిరి:
మూడో దారి ఉంది. శృంగం, అంటే కొమ్ము, శిఖరం. ఒడియాలో కొమ్ముని ‘శింగ’ అంటారు. ఊరి పేరు ఒడియా రాతలో ‘శ’ ఉంటే తేలిపోదా?

సవర పాఠాలు:
తేలదండీ. ఒడియా పలుకుబడిలో శ, ష, స మూడూ ఒక్కటే. గుమాస్తా చెవికి తోచిన అక్షరం రాస్తాడు. అదీగాక ఆ కొండల్లో ఏ ఊరి పైన చూసినా శిఖరమే. అన్ని ఊళ్ళకీ సరిపోయే సాక్ష్యం ఏ ఒక్క ఊరికీ సాక్ష్యం కాదు.

గుమ్మ రోడ్డు:
ఆ అక్షరాల గొడవ ‘వలస’లకీ ఉంది. ఒడియాలో బ, వ మామూలుగా ఒకే అక్షరంతో రాస్తారు. వలస ‘బలస’ అవుతుంది, చదివినవాళ్ళు బలం గురించి కథ కడతారు.

వంశధార ఒడ్డు:
మరి ఒక ఊరికి తేల్చాలంటే ఎలా మొదలుపెట్టాలి?

సవర పాఠాలు:
1936 ఏప్రిల్ 1కి ముందు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గుణుపురం విశాఖ జిల్లాలో, పర్లాకిమిడి గంజాంలో ఉండేవి. అందుకని 1931 జనాభా లెక్కల ఊళ్ళ జాబితాకి ఆయా జిల్లా సంపుటాలు వెతకాలి, రాయగడ పేరుతో వెతికితే దొరకదు. ఆ జిల్లా 1992లో ఏర్పడింది. పాత స్పెల్లింగు, ఇప్పటి ఒడియా రాత పక్కపక్కన రాసుకోవాలి. ఆ తర్వాతే ఊరికి వెళ్ళాలి.

అక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. ‘మీ ఊరి పేరుకి సింహమనా అర్థం?’ అని అడిగితే మర్యాదకి ఔననే అంటారు. అర్థం అడగవద్దు. ‘నేను ఫలానా ఊరినుంచి వచ్చాను’ అని సవరలో చెప్పించి రికార్డు చేయండి. పేరు ఒక్కటే అడిగితే మనకోసం తెలుగు పలుకుబడిలో చెబుతారు, వాక్యంలో అయితే తమలో తాము పలుకుకునే పేరే వస్తుంది. ముగ్గురు పెద్దల్ని విడివిడిగా అడగాలి, ఒకరి మాట ఇంకొకరు వినకూడదు.

పాత రికార్డులు:
పదం ఉన్న చోటు గురించి మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ మైదానంలో సింగి అని ముగిసే ఊరు కనబడితే?

సవర పాఠాలు:
దాన్ని ఈ లెక్కలో కలపకండి. చుట్టూ సవర పేర్లున్న కొండ ఊరికే ‘ఇల్లు’ వర్తిస్తుంది. మైదానంలో ఊరికి పొలాల పేర్లు, గుడి మాన్యం కాగితాలు విడిగా చూడాలి, అక్కడ మీ నరసింహస్వామే గెలవచ్చు.